గ్లోబు టీచరమ్మ

ఫోన్ చేసిన అమ్మాయి గొంతు నాకు తెలియదు. "కంభం అక్క గారేనాండీ మాట్లాడేది?" అని అడిగింది.

ఆ పిలుపుతోనే ఫోన్ ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైంది. నన్ను అట్లా పిలిచే మనిషి ఈ లోకంలో ఒక్కతే. ఆ ఒక్కతే ఫోన్ చేయకుండా ఇంకెవరో ఎందుకు చేశారన్నది మాత్రం వెంటనే తట్టలేదు.

"మేడం పోయారండీ," అంది ఆ అమ్మాయి. "పొద్దున క్లాసు చెప్పి మెట్లు దిగుతూ మధ్యలో కూర్చుండిపోయారు. హాస్పిటల్‌కు తీసుకెళ్ళేలోపే... మేడం ఫోన్లో అన్నీ ఊర్ల పేర్లే ఉన్నాయండీ. తర్లుపాడు, రాచర్ల, కొమరోలు... ఎవరు చుట్టాలో మాకు తెలియడం లేదు. మీ ఒక్కరికే ఊరి పక్కన 'అక్క' అని ఉంది. అందుకని మీకు చేశాను."

నేను గిద్దలూరులో మా కాలేజీ స్టాఫ్ రూములో ఉన్నాను. ఎదురుగా దిద్దాల్సిన పేపర్లున్నాయి. ఆ అమ్మాయికి మార్కాపురం పక్కన ఉన్న పల్లె పేరు చెప్పాను. తల్లి ఒక్కతే ఉంటుందనీ, ఆమెకు ఫోన్లో చెప్పవద్దనీ, నేనే పోయి చెప్తాననీ అన్నాను.

నన్ను కంభం అక్క అని పిలిచే ఆమె నోట మనుషుల పేర్లు నిలిచేవి కావు. ఊర్లు నిలిచేవి. ఒకసారి కలిసినవాళ్ళ ఊరు పదేళ్ళ తర్వాత కూడా తప్పు లేకుండా చెప్పేది. క్లాసులో పిల్లల్ని "ఏం బెస్తవారిపేటా, నిన్న రాలేదే?" అని అడిగేది. పెద్ద నగరంలో యూనివర్సిటీ ప్రొఫెసరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. వేరే దేశాల నుంచి వచ్చిన పిల్లల ఊర్లు మొదటి రోజే అడిగి, రాసుకుని, నాలుక తిరిగేదాకా పలికి నేర్చుకునేదట. కాబట్టి ఆమె పేరు నేనిక్కడ రాయకపోయినా ఆమె ఏమీ అనుకోదు.

మా పరిచయం రైల్లో. ఇరవై ఏళ్ళు దాటింది. నేను కంభంలో ఉంటూ గిద్దలూరులోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని. ఇప్పటికీ అదే పని. పొద్దున ప్యాసింజరుకు పోవడం, సాయంత్రం ప్యాసింజరుకు రావడం. ఒకరోజు నేనెక్కిన పెట్టెలో కిటికీ పక్కన సన్నగా, నల్లగా ఉన్న ఒక అమ్మాయి ఇంగ్లీషు పుస్తకం పైకి చదువుతోంది. మెల్లగా గొణుక్కోవడం కాదు, బడిపిల్లలు పద్యం అప్పజెప్పినట్లు గట్టిగా. పెట్టెలో వాళ్ళంతా ఆమెనే చూస్తున్నారు. ఎదురు సీట్లో గొర్రెల సంతకు పోతున్న ఒక పెద్దాయన ఉండబట్టలేక అడిగాడు.

"ఏం పాపా, పరీచ్చలా?"

"కాదు మామా. ఉద్యోగం," అంది ఆమె పుస్తకంలోంచి తలెత్తకుండానే.

"చదివేదా ఉద్యోగం?"

"చదివి చెప్పేది."

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పుడు ఆమె పుస్తకం మూసి నా ఒళ్ళో ఉన్న గొడుగు తీసుకుని, పిడిని తిప్పి, దాని మీదున్న సన్నటి అక్షరాలు చదివింది.

"ఇది ఏ దేశంలో చేసిందో చూసినారా అక్కా?"

"లేదమ్మా. కంభం సంతలో కొన్నాను."

"సంతకు యాడనుంచి వచ్చిందో అడిగినారా?"

ఎవరు మాత్రం అడుగుతారు? ఆమె అడిగేది. ఏ వస్తువు చేతికొచ్చినా ముందు తిప్పి అడుగున ఏముందో చూసేది. బిస్కెట్ పొట్లం, టార్చి లైటు, రైలు పెట్టెలో ఫ్యాను కింద రేకు, మా కాలేజీ ప్రిన్సిపాల్ బల్ల మీద పేపర్‌వెయిటు. చాయ్ తాగుతూ గ్లాసును కూడా తిప్పబోయి ఒకసారి చీర మీద ఒలకబోసుకుంది. ఆమె మా కాలేజీలో కొత్తగా చేరిన ఎకనామిక్స్ లెక్చరర్ అని రైల్లో కలిసిన ఆ మొదటి రోజే తెలిసింది. నేను కంభంలో ఎక్కాను కాబట్టి నేను కంభం అక్కనయ్యాను.

మూడేళ్ళు కలిసి ప్రయాణం చేశాం. ఆమె మార్కాపురం రోడ్డులో ఎక్కి నాకు సీటు పట్టి ఉంచేది. చెప్పు తెగితే పిన్నీసు పెట్టి నెలల తరబడి నడిచేది. జొన్నరొట్టె, పచ్చిమిరప్పచ్చడి తప్ప ఇంకొకటి తెచ్చుకోగా నేను చూడలేదు. నా డబ్బాలో ఏముందో మాత్రం రోజూ తొంగి చూసేది. నవ్వితే కళ్ళు మూతపడేవి. కోపం వస్తే మాత్రం గొంతు పెరిగేది కాదు, తగ్గేది. పిల్లలు ఆ తగ్గిన గొంతుకే భయపడేవాళ్ళు.

ఒకరోజు క్లాసులో, మీ ఇంట్లో ఉన్న పది వస్తువులు ఎక్కడి నుంచి వచ్చాయో రాసుకురండని చెప్పింది. రాచర్ల పిల్లవాడొకడు లేచి, "మా ఇంట్లో అన్నీ గిద్దలూరు నుంచే వచ్చినాయి మేడం," అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. ఆమె నవ్వలేదు.

"మంచిది. గిద్దలూరుకు యాడనుంచి వచ్చినాయో రేపు దుకాణంలో అడిగి రా."

వాడు అడిగాడు. దుకాణదారు ఇంకో ఊరు చెప్పాడు. ఆ ఊరికి పోయే లారీ డ్రైవరును పట్టుకుని వాడు మళ్ళీ అడిగాడు. పది రోజుల తర్వాత రెండు పేజీలు నింపుకొచ్చి బల్ల మీద పెట్టాడు. ఆ సాయంత్రం రైల్లో ఆమె ఆ రెండు పేజీలూ నాకు పైకి చదివి వినిపించింది. అంత సంతోషంగా ఆమెను నేను ఎప్పుడూ చూడలేదు. ప్రిన్సిపాల్ మాత్రం పిలిచి సిలబస్ ఎంతవరకు అయిందని అడిగాడు.

ఆమెకు ఇంకొక అలవాటుంది. మొదట్లో అది నాకు అర్థమయ్యేది కాదు. పెట్టెలో ఎవరైనా దగ్గితే మాట మధ్యలోనే ఆగిపోయేది. తల కొంచెం పక్కకు వంచి, ఆ దగ్గు అయిపోయేదాకా కదిలేది కాదు. ఒకసారి ఒక ముసలాయన విడవకుండా దగ్గుతుంటే, ఆమెకు ఇబ్బందిగా ఉందేమోనని వేరే పెట్టెలోకి పోదామా అని అడిగాను.

"కాదక్కా. వింటుండా," అంది.

ఆ రోజు చెప్పింది వాళ్ళ నాయన సంగతి.

వాళ్ళ పల్లె పలకల గనుల పక్కన ఉంటుంది. బడిపిల్లలు రాసుకునే పలకలు మార్కాపురం నుంచి ఎక్కడెక్కడికో పోయిన కాలమది. వాళ్ళ నాయన ఫ్యాక్టరీలో రాయి కోసే మిషను మీద పని చేసేవాడు. అమ్మ అదే ఫ్యాక్టరీలో పలకలు అరగదీసేది. పలకలు సర్దిన చెక్కపెట్టెల మీద నల్లరంగుతో ఊర్ల పేర్లు రాసేవాళ్ళు. అవన్నీ ఓడరేవుల పేర్లు. ఈమె ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నది ఆ పెట్టెల మీదనే. "ఆ ఊరు యాడుంది నాయనా?" అని అడిగితే, "రైలెక్కి, ఓడెక్కి పోవాలంట. మనం పోలేకపోయినా మన రాయి పోతాది," అనేవాడట ఆయన.

ఈమె తొమ్మిదో తరగతిలో ఉండగా ఆయనకు దగ్గు పట్టుకుంది. చూసిన డాక్టరు క్షయ అన్నాడు. ఇంట్లో ఆడపిల్ల ఉంది. తల్లి భయపడింది. పెరట్లో గొడ్లు కట్టేసే కొట్టం ఖాళీ చేసి భర్తను అందులో ఉంచింది. ఆయన కంచం వేరు, గ్లాసు వేరు, గుడ్డలు ఉతికే బకెట్టు వేరు. కూతుర్ని కొట్టం లోపలికి పోనిచ్చేది కాదు. ఈమె బయట నిలబడి రోజూ తన పాఠాలు ఆయనకు వినపడేట్లు గట్టిగా చదివేది. చదువు రాని ఆ మనిషి, "ఇంగోసారి చదువమ్మా" అని అడిగేవాడు. రెండేళ్ళు అట్లా గడిచాయి. ఈమె పదో తరగతి పరీక్షలు అయిన వారానికి ఆయన పోయాడు.

"చివరి దినం గూడా దగ్గరికి పోనియ్యలేదక్కా అమ్మ. పోనిచ్చుంటే బాగుండు," అంది. ఆ తర్వాత ఆమె రైల్లో పైకి చదువుతుంటే నాకు నవ్వు రాలేదు.

పీహెచ్‌డీ సీటు వచ్చి ఆమె నగరానికి పోయింది. పంటల ధరల మీద పరిశోధన. సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు కంభంలో దిగి ఒక పూట నా దగ్గర ఉండి పోయేది. రెండో ఏడు ఎండాకాలంలో వచ్చినప్పుడు సంచి కింద పెట్టకుండానే వంటింట్లోకి వచ్చింది. నేను రొట్టె కాలుస్తున్నాను.

"అక్కా, మా నాయన దగ్గు పుస్తకంలో ఉండాది."

నాకు అర్థం కాలేదు. స్టవ్ ఆపి కూర్చోబెట్టాను.

లైబ్రరీలో ఏదో వెతుకుతూ ఇంకేదో పుస్తకం తీసిందట. ఎక్కడో ఒక చలిదేశంలో రాయి కొట్టే మనుషుల ఊరి గురించి రాసిన పాత పుస్తకం. అందులో వాళ్ళకు వచ్చిన జబ్బు గురించి ఉంది. మొదట పొడిదగ్గు. తర్వాత నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఆ తర్వాత పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోవడం.

"మా నాయన అట్లనే నిద్రపోయేవాడక్కా. గోడకు ఆయన తల ఆనిన చోట మరకుండాది ఇప్పటికీ. ఆ ఊరి పేరు నాకు పలకడం రాలా. కానీ ఆ దగ్గు నాకు తెలుసు. రాతి దుమ్ము అక్కా. రొమ్ములో పేరుకున్న రాతి దుమ్ము."

"క్షయ కాదా మరి?"

"పలకల దుమ్ములో ముప్పై ఏండ్లు నిలబడిన మనిషి. ఆ డాక్టరు ఏం పని చేస్తావని ఒక్క మాట అడిగింటే..." గొంతు తగ్గించింది. "అది అంటుకునేది కాదక్కా. ఒకరి నుంచి ఒకరికి రాదు."

నాకు కొట్టం గుర్తొచ్చింది. వేరే కంచం, వేరే గ్లాసు. ఆమె ఎందుకు సంచి దించకుండా నిలబడిందో అప్పుడు అర్థమైంది. ఇంటికి పోవడానికి భయపడుతోంది.

"అమ్మకు చెప్తావా?" అన్నాను.

"ఏమని చెప్పేది? నువ్వు ఉత్తపుణ్యానికి ఆయన్ని కొట్టంలో పెట్టినావనా? పిల్ల బతకాలని అట్ల చేసింది. నా కోసం చేసింది. చెప్తే ఆమె తట్టుకుంటాదా అక్కా?"

నేను తెలుగు లెక్చరర్ని. మాటలు నాకు బాగానే తెలుసని పేరు. ఆ రోజు నోటికి వచ్చింది ఒక్క మాటే. చెప్పవద్దులే అన్నాను. ఇప్పుడు తలచుకుంటే ఆ మాట అనకుండా ఉండాల్సిందేమో అనిపిస్తుంది.

ఆ సెలవుల తర్వాత పంటల ధరలు పక్కన పడేసింది. పలకల మీద రాస్తానని పట్టుబట్టింది. గైడు ఒప్పుకోలేదు. ఒక చిన్న ఊరి రాయి మీద పీహెచ్‌డీ ఏమిటని ఏడాది పాటు ఆపాడు. "రాయి మీద కాదు సార్, ఆ రాయి పోయిన దోవ మీద," అని ఆమె వాదించింది. ఇక్కడ ఎవరు కోశారు, అక్కడ ఎవరు రాసుకున్నారు, మధ్యలో ఎవరు బాగుపడ్డారు, ఎవరు దగ్గి చచ్చారు అన్నది ఆమె పరిశోధన. అది పూర్తయ్యేసరికి ఎకనామిక్స్‌లో ఎక్కడా ఖాళీలు లేవు. అప్పుడొక యూనివర్సిటీలో గ్లోబల్ స్టడీస్ అని కొత్త డిపార్ట్‌మెంట్ పెట్టారు. అదేం సబ్జెక్టో, దాంతో ఏం ఉద్యోగం వస్తుందో తెలియక తెలివైనవాళ్ళెవరూ దాని వైపు పోలేదని ఆమే నవ్వుతూ చెప్పింది.

ఇంటర్వ్యూలో ఒకాయన అడిగాడట, మీరు ఏయే దేశాలు తిరిగారని.

"ఏ దేశమూ పోలేదు సార్. మా ఊరు మాత్రం చాలా దేశాలకు పోయింది," అందట ఈమె. వాళ్ళకు అర్థం కాలేదు. అర్థమయ్యేట్లు చెప్పడానికి గంట పట్టింది. ఉద్యోగం వచ్చింది.

పల్లెలో అందరూ ఏం పాఠం చెప్తావని అడిగేవాళ్ళు. ఒకరికి సోషలంది, ఒకరికి లెక్కలంది. చివరికి ఎవరో ఆ ఇంగ్లీషు మాటలో గ్లోబు వరకు పట్టుకుని, ప్రపంచపటం బంతిని తిప్పి చూపించే ఉద్యోగమేమో అనుకున్నారు. ఆమె పల్లెకు గ్లోబు టీచరమ్మ అయింది. తల్లి కూడా అట్లనే చెప్పేది. "మా పిల్ల గ్లోబు చెప్తాది" అని.

తన క్లాసులో ఆమె ఆ చలిదేశపు ఊరినీ తన పల్లెనూ పక్కపక్కన పెట్టి పాఠం చెప్పేది. మా ఊరి పనివాడొకడు అని చెప్పేదే గాని, మా నాయన అని చెప్పేది కాదు. ఏటా ఆ పాఠం చెప్తూనే ఉంది. ఏటా ఇంటికి వచ్చి తల్లి పక్కన కూర్చుని చెప్పకుండా పోతూనే ఉంది.

ఆరేళ్ళ కిందట చలికాలంలో తన విద్యార్థులు పన్నెండు మందిని తీసుకుని మార్కాపురం వచ్చింది. గనులు చూపించడానికి. రాతపలకల కాలం అప్పటికే పోయింది. గనుల్లో నీళ్ళు నిలిచాయి. ఇళ్ళకు, గోడలకు పరిచే రంగురాళ్ళు మాత్రం ఇంకా పోతున్నాయి. నన్ను కూడా రమ్మంది.

"నేనెందుకు చెల్లే అక్కడ?"

"అమ్మ ఇంటికి గూడా పోవాలక్కా. పిల్లోళ్ళు అడుగుతుండారు. నువ్వు పక్కనుంటే నాకు ధైర్యం."

తల్లి మమ్మల్ని చూసి చాలా సంబరపడింది. పక్కింటి నుంచి చాపలు తెచ్చి వాకిట్లో పరిచింది. అందరికీ మజ్జిగ ఇచ్చింది. ఇరవై ఏళ్ళు పలకలు అరగదీసిన చేతులు ఆమెవి. వేళ్ళ చివర్లు ఎంత నున్నగా అయ్యాయంటే రేషను దుకాణంలో మిషను మీద ఆమె వేలిముద్ర పడదు. పిల్లలు అది విని ఆమె చేతులు పట్టుకుని చూశారు. ఆమె సిగ్గుపడి నవ్వింది. అంతా బాగానే ఉంది.

వాళ్ళలో బందరు అమ్మాయి ఒకతి తెలుగులో అడిగి మిగతావాళ్ళకు ఇంగ్లీషులో చెప్తోంది. తాతగారు ఎట్లా పోయారని అడిగింది. తల్లి దాచకుండా చెప్పింది. దగ్గు, డాక్టరు, క్షయ, కొట్టం అన్నీ. చేత్తో పెరటివైపు చూపించింది. ఆ అమ్మాయి ముఖం చిట్లించి, మనసులో ఏమీ లేకుండానే అడిగింది.

"రాతి దుమ్ము జబ్బు అంటుకునేది కాదు కదండీ అమ్మమ్మగారూ. మరి ఆయన్ని వేరుగా ఎందుకు ఉంచారు?"

నా పక్కన ఈమె చేతిలోని మజ్జిగ గ్లాసు కింద పెట్టింది.

"ఏంది పాపా నువ్వు చెప్పేది?" అంది తల్లి.

ఆ అమ్మాయి మళ్ళీ చెప్పింది. మా మేడమే క్లాసులో చెప్పారంది. తల్లి కూతురి వైపు తిరిగింది.

"ఈ పిల్ల చెప్పేది నిజమేనా?"

"నిజమేనమ్మా."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"పదేండ్లయింది."

"పదేండ్లు," అంది తల్లి. కొత్తగా నేర్చుకున్న మాటను పలికినట్లు పలికింది.

"క్షయ గూడా ఉండుండొచ్చమ్మా. ఆ దుమ్ము పట్టినోళ్ళకు అది గూడా తగులుకుంటాది. నువ్వు చేసింది తప్పని ఎవురూ అనలేరు."

"ఉండుండొచ్చా, ఉన్నిందా?"

ఉన్నిందమ్మా అని ఒక్క మాట చెప్పవే అని నేను లోపల్లోపల మొక్కుకున్నాను. ఆమె చెప్పలేదు. చెప్పలేకపోయింది. అబద్ధం ఆడటం ఆమెకు చేతకాదని కాదు. అప్పటికి పదేళ్ళుగా ఒక అబద్ధంతో కాపురం చేస్తూనే ఉంది కదా. ఆ వాకిట్లో, తన పిల్లల ముందు, ఇంకొకటి ఆడటానికి ఆమెలో బలం లేకపోయింది.

"తెలీదమ్మా. ఇప్పుడు ఎవురూ చెప్పలేరు," అంది.

తల్లి లేచింది. ఖాళీ గ్లాసులన్నీ ఒక్కొక్కటే తీసుకుంది. "ఇంగొంచెం మజ్జిగ తెస్తా" అని లోపలికి పోయింది. మళ్ళీ బయటికి రాలేదు. మేము చాలాసేపు కూర్చున్నాం. ఈమె రెండుసార్లు లోపలికి పోయి రెండుసార్లూ ఒక్కతే తిరిగి వచ్చింది. బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు.

బస్సులో బందరు అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. ఈమె దాని తల మీద చెయ్యి వేసి, "నువ్వు అడిగింది మంచి ప్రశ్నే బందరూ. చెప్పాల్సినదాన్ని నేను. నేను చెప్పలా," అంది. మార్కాపురం వచ్చేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. నాతో మాత్రం ఒక్క మాటే అంది. "ఏటా అరవై మందికి చెప్తాను అక్కా ఈ పాఠం. వినాల్సిన మనిషికి తప్ప."

ఆ తర్వాత నెలల తరబడి తల్లి ఆమెతో మాట్లాడలేదు. ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. తన మంచాన్ని ఇంట్లోంచి తీయించి పెరట్లో కొట్టంలో వేయించుకుంది. చుట్టాలు ఎంత చెప్పినా వినలేదు. ఈమె ఎండాకాలం సెలవులకు వచ్చి, ఏమీ అడగకుండా, తన చాప కూడా ఆ కొట్టంలోనే వేసుకుంది. పదిహేను రోజులు అట్లనే ఉందట.

"మాట్లాడిందా?" అని అడిగాను, తిరిగి పోతూ కంభంలో దిగినప్పుడు.

"పదమూడో దినం మాట్లాడింది అక్కా."

"ఏమంది?"

"రొట్టె తిను అంది."

ఆ మాట చెప్పి ఏడ్చింది. ఆమె ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ తర్వాత తల్లీకూతుళ్ళు మామూలుగానే ఉన్నారు. ఆ సంగతి మాత్రం మళ్ళీ ఇద్దరూ ఎత్తలేదు. పాఠం కూడా మునుపటిలా చెప్పలేకపోతున్నానని ఒకసారి ఫోన్లో అంది. ఆ ఊరి దగ్గరికి వచ్చేసరికి గొంతు పైకి లేవడం లేదట.

ఆమె పోయిన రోజు నేను గిద్దలూరు నుంచి నేరుగా పల్లెకు పోయాను. తల్లి కొట్టం ముందు కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి లేవబోయింది. నేను ఏం చెప్పానో, ఎట్లా చెప్పానో నాకు గుర్తు లేదు. ఆమె మాత్రం ఒకటే అడిగింది.

"దగ్గర ఎవరన్నా ఉండినారా?"

"ఉన్నారమ్మా. పిల్లలందరూ పక్కనే ఉన్నారు. ఒళ్ళో పడుకోబెట్టుకున్నారంట," అన్నాను. ఆ చివరి మాట ఫోన్ చేసిన అమ్మాయి నాకు చెప్పలేదు. నేనే కల్పించాను.

మర్నాడు తెచ్చారు. పల్లె పట్టనంత మంది పిల్లలు వచ్చారు. వాళ్ళు ఏడుస్తుంటే పల్లెవాళ్ళు ఆశ్చర్యంగా చూశారు. తమ గ్లోబు టీచరమ్మ అంత పెద్ద మనిషని వాళ్ళకు తెలియదు. నాయన పక్కనే మట్టి చేశారు.

మూడోరోజు మధ్యాహ్నం మళ్ళీ పోయాను. తల్లి కొట్టంలో మంచం మీద కూర్చుని ఉంది. వీధిలో ఆడవాళ్ళు నలుగురైదుగురు కింద కూర్చుని ఉన్నారు. నేను పోయి మంచం పక్కన కూర్చున్నాను.

"కంభం పాపా," అంది తల్లి. "అది ఆడ పిల్లోళ్ళకు ఏం చెప్పేది?"

"ఒకచోట మనుషులు చేసే పని ఇంకోచోట మనుషులకు ఎట్లా తగులుతుందో చెప్పేదమ్మా," అన్నాను. పరీక్షలో జవాబులాగా ఉంది నా మాట నాకే.

"అట్ల కాదు. అది చెప్పే పాఠం ఒకటి చెప్పు. అది చెప్పినట్ల చెప్పు. ఇన్నేండ్లు చెప్పింది గదా, నేను ఒక్కటీ వినలా."

నాకు తెలిసిన పాఠం ఒక్కటే. ఆమె మా వంటింట్లో కూర్చుని చెప్పిన ఊరి పాఠం. చెప్పవచ్చా అని భయపడ్డాను. తల్లి ముఖంలోకి చూశాను. ఆమె నా కోసం ఎదురుచూస్తోంది. చెప్పాను. అక్కడ ఏడాదిలో సగం రోజులు మంచు పడుతుందని చెప్పాను. మంచు లేని రోజుల్లో మగవాళ్ళు కొండ రాయి కొడతారని, ఆ రాయి బండ్ల మీద ఎక్కడెక్కడికో పోయి పెద్దపెద్ద మేడలకు గోడలవుతుందని, చలికి తలుపులు మూసుకుని రాయి చెక్కే షెడ్లలో దుమ్ము బయటికి పోయే దోవ లేదని చెప్పాను. మొదట దగ్గు వస్తుందని, తర్వాత మెట్లు ఎక్కలేరని, ఆ తర్వాత గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతారని చెప్పాను. కింద కూర్చున్న ఒకామె, "మన మాదిరేనా?" అని మెల్లగా అంది.

తల్లి మోకాళ్ళ మీద మోచేతులు పెట్టుకుని విన్నది.

"ఆ ఊళ్ళో ఆడోళ్ళకు తెలుసునా, అది అంటుకునేది కాదని?"

"మొదట్లో తెలియదంటమ్మా. డాక్టర్లకు కూడా తెలియదంట."

"మరి వాళ్ళు మొగుళ్ళను యాడ పండుకోబెట్టినారు?"

ఆ పుస్తకం నేను చదవలేదు. ఆమె చెప్తే విన్నానంతే. ఆమె ఈ సంగతి నాకు చెప్పలేదు. నేను కూడా అడగలేదు.

"తెలియదమ్మా," అన్నాను.

తల్లి కొట్టం గోడ మీది మరక వైపు చూసింది.

"మా పిల్ల ఉంటే కనుక్కోని చెప్పేది," అంది.